కానుగచెట్టును రాక్షసిబొగ్గును



మొన్నటి యాసంగి పంట కల్లమునకు వచ్చిన దినములలో మా కొడిమ్యాల గ్రామమున జరిగిన యొక చిన్నసంగతితో ఈ వ్యాసము నారంభించెదము. సంగతి చిన్నదే గాని, దానివలన మా మనస్సున బుట్టిన ప్రశ్న పెద్దది. దానికి సమాధానము వెదకుచు వెదకుచు మేము తెలిసికొన్న విషయములను మీ ముందుంచుటయే మా యుద్దేశము.

మా యింటిప్రక్క నొక పెద్దమ్మ కలదు. ఆమె కొడుకు దుబాయికి కూలికై పోయి యేండ్లు గడచుచున్నవి. కోడలును తానును రెండెకరముల వరి చేసికొనుచు, తీరిక వేళల బీడీలు చుట్టుకొనుచు గుట్టుగా సంసారము నడుపుకొనుచున్నారు. ఆనాడు వారు వడ్లను కొనుగోలు కేంద్రమునొద్ద కుప్పవోసి, తేమ యాఱుటకై ఎండలో నెఱపియుండిరి. తేమ నూటికి 17 పాళ్లకు మించినచో వడ్లు తూకమునకు రావు గదా! మిట్టమధ్యాహ్నము నిప్పులు చెఱగిన యాకాశము మూడు గంటలకు నల్లబడెను. గాలి లేచెను. గడియసేపటిలో రాళ్లవాన కురిసెను. పర్దా కప్పుటకు పరుగెత్తిన కోడలి చేతులలోనే యది చినిగి పోయెను. నాలుగు నెలల కష్టము కన్నులయెదుట కాలువయై పాఱినది.

ఆ రాత్రి మేమును మావారును వారిని పలుకరింప బోతిమి. మావారు బడిపంతులు గనుక పాఠము చెప్పు నలవాటు మానలేరు. లోకమంతట బొగ్గును, చమురును కాల్చుటచేత భూమి వేడెక్కుచున్నదనియు, అందుచేత ఋతువులు గతి తప్పుచున్నవనియు మెల్లగా వివరించిరి. పెద్దమ్మ అంతయు విని మావైపు తిరిగి, “గీ పొగ మేం పెట్టినమా బిడ్డా? మా యింట్ల బండి లేదు, ఏసీ లేదు. ఎవలో కాలవెడితే మా వడ్లెందుకు కొట్టుకపోవాలె?” అని యడిగెను.

మావారు మాటాడలేదు. మాకును నోరు రాలేదు. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారతభాగవతములు చదువుకొన్న మాకు ధర్మసందేహములు క్రొత్తవి కావు. కాని యీ సందేహమునకు జవాబు ఆ గ్రంథములలో మాత్రమే వెదకిన దొరకునది కాదని తోచి, నాటినుండి యీ విషయమును శ్రద్ధగా చదువజొచ్చితిమి.

ఈ వేడిమి యెట్లు కలిగెను?

గాలిలో బొగ్గుపులుసువాయువు అనునది యొకటి కలదు. దీనినే నేడు కార్బన్ డయాక్సైడని యందురు. కట్టెగాని, బొగ్గుగాని, పెట్రోలుగాని కాలునప్పుడు ఇది పుట్టును. సూర్యుని వెలుగు భూమిని తాకి వేడియై మరల నాకాశమునకు పోవునప్పుడు, ఈ వాయువు దానిలో కొంత భాగమును పోనీయక పట్టియుంచును. చలికాలపు రాత్రి దుప్పటి మన యొంటి వేడిని మనకే నిలిపియుంచినట్లు ఇది భూమికి దుప్పటివంటిది. దుప్పటి బొత్తిగా లేకున్న భూమి మంచుగడ్డయై యుండును. మఱీ మందమైనచో ఉక్కపోయును.

ఈ రహస్యమును మొట్టమొదట పరీక్షించి చూపినవారిలో నొక స్త్రీ యుండుట మన కెల్లరకు గర్వకారణము. యూనిస్ ఫుట్ అను అమెరికా దేశపు స్త్రీ గాజుగొట్టములలో వేఱువేఱు వాయువులను నింపి, ఉష్ణమాపకముల నుంచి, ఎండలో బెట్టి చూచెను. బొగ్గుపులుసువాయువున్న గొట్టమే యన్నింటికన్న నెక్కువ వేడెక్కెను. ఈ వాయువు గాలిలో హెచ్చినచో భూమి వేడెక్కునని యామె యప్పుడే వ్రాసెను. 1856లో ఆల్బనీ పట్టణమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆమె వ్యాసమును జోసెఫ్ హెన్రీ యను పండితుడు చదివెను. పిమ్మట లోక మామె పేరు మఱచెను. 1859లో జాన్ టిండాల్ చేసిన పరీక్షలకే చిరకాలము ఖ్యాతి దక్కెను. 1896లో స్వీడను దేశీయుడైన ఆరీనియస్, ఈ వాయువు రెట్టింపైనచో భూమి వేడి యెంత పెరుగునో లెక్కగట్టెను.

యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్లుండెడిది. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని పర్వతముపై కొలుచుట కారంభించునాటికి 315 పాళ్లయ్యెను. 2024 నాటికి 420 దాటెను. ఇదియైనను మనము విడిచినదంతయు గాలిలో నిలిచిన లెక్క కాదు. సముద్రములును, అడవులును, నేలయు కలిసి సుమారు సగము మ్రింగుచున్నవి. క్షీరసాగరమథనమున బుట్టిన హాలాహలమును మ్రింగుట కొక నీలకంఠుడుండెను. ఇప్పుడా పని చేయుచున్నవి మూగవగు కడలియు, మ్రానులును. మ్రానులను నఱకుచు, పొగను పెంచుచు, ఇంకను మ్రింగుమనుట యెట్టి న్యాయమో ఆలోచింపుడు.

ప్రపంచ వాతావరణసంస్థ లెక్క ప్రకారము, కొలతలున్న సంవత్సరములలో 2024 అన్నింటికన్న వేడియైనది. యంత్రయుగ పూర్వకాలముకన్న ఆ యేడు భూమి సగటున ఒకటిన్నర డిగ్రీలకు పైగా వేడెక్కియుండెను. ఒకటిన్నర డిగ్రీ యనగా నెంత యని తేలికగా తలపరాదు. మన శరీరమునకు రెండు డిగ్రీల జ్వరము వచ్చినచో పనికి లేవగలమా?

వేడిగాలి నీటియావిరిని హెచ్చుగా మోయును. ఒక్కొక్క డిగ్రీకి నూటికి ఏడుపాళ్లు హెచ్చు. కావున కురియనప్పుడు నేలలోని తేమను పీల్చును. కురిసినప్పుడు కుండపోతగా కురియును. కరవును, వఱదయు ఒక తల్లి బిడ్డలైనట్లు వచ్చుట కిదియే కారణము. ఏదో యొక్క రాళ్లవానను జూపి, “ఇది భూతాపమువలననే వచ్చినది” అని చెప్పుట శాస్త్రజ్ఞులు కూడ చేయరు. జూదములో పాచికలకు సీసము పోసినట్లు చెడ్డపందెము మాటిమాటికి పడుచున్నదని మాత్రమే వారందురు.

మన యెఱుకలోని సాక్ష్యములు

2015 వేసవిలో వడగాడ్పులకు భారతదేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో మిక్కిలి పెద్దభాగము మన తెలుగుసీమలవారే. 2022 జూలైలో గోదావరి కావలనున్న కడెం ప్రాజెక్టునకు గేట్ల శక్తికి మించిన వఱద వచ్చి, కట్ట యుండునో తెగునో యని దిగువ గ్రామములు ఖాళీ చేయవలసివచ్చెను. 2023 మార్చిలో మా ప్రక్కమండలమగు రామడుగులోను, తక్కిన జిల్లాలలోను రాళ్లవానకు చేతికందవచ్చిన పంటలు నేలపాలు కాగా, నాటి ముఖ్యమంత్రి వచ్చి చూచి ఎకరమునకు పదివేల రూపాయలు ప్రకటించెను. ఆ యేడే జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. తెలంగాణములో నంతటి వాన మునుపెన్నడు నమోదు కాలేదు. 2025 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వము వడదెబ్బను రాష్ట్రవిపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబములకు నాలుగులక్షల రూపాయల సాయము నిర్ణయించెను. విపత్తని పేరు పెట్టవలసివచ్చినదన్నచో వేసవి ఇంక మునుపటి వేసవి కాదన్నమాట.

ఇందులో స్త్రీల పాలెంత? రేకుల కప్పు క్రింద గూర్చుండి బీడీలు చుట్టునది స్త్రీ. తునికాకు ఎండిపోవునని పంకా గాలియైన లేక చెమటలో తడియునది ఆమెయే. ఎండలో కలుపు తీయునది, నాటు వేయునది స్త్రీ. పొయ్యి వేడికి ఆకాశపు వేడి తోడైనచో వంటయింట నిలువలేనిదియు స్త్రీయే. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలాది పురుషులు గల్ఫు దేశములకు పోయి మండుటెండలలో కట్టడపు పనులు చేయుచున్నారు. ఆ దేశములలో కొన్నింట వేసవి మధ్యాహ్నపువేళ ఆరుబయట పని చేయించరాదని చట్టమే చేసిరి. కతారులో 2021 నుండి జూన్ మొదలు సెప్టెంబరు నడుమ వఱకు ఉదయము 10 గంటలనుండి మూడున్నర వఱకు పని నిషేధము. చమురు త్రవ్వు దేశమునకే చమురు వేడి తగులుచున్నది. అక్కడ కొడుకును, ఇక్కడ తల్లియు నొకే యెండలో మాడుచున్నారు.

వరిసంగతి వేఱుగా చెప్పవలెను. పగటి యెండకన్న రాత్రి యుక్క వరికి చేటని ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు 2004లో ప్రకటించిరి. వారి చేలలో రాత్రి వేడి ఒక్క డిగ్రీ పెరిగిన ఎండాకాలపు పంటలో దిగుబడి సుమారు నూటికి పది తగ్గెనట. జగిత్యాల చేరువ పొలాసలోని పరిశోధనాస్థానమున బుట్టిన జగిత్యాల సన్నాలను వండుకొని తినుచున్న మనకు ఈ వార్త దూరపు వార్త కాదు. మామిడి కూడ నంతే. పుష్యమాసపు చలి చాలక పూత తప్పినను, పూతమీద అకాలపువాన పడినను, జగిత్యాల మామిడితోటల రైతు ఆ యేటికి చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

పొగ యెవరిది?

ఇక పెద్దమ్మ ప్రశ్నకు వత్తము. ఆమె యన్నది సత్యమే. భారతదేశమున తలకు ఏడాదికి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసువాయువు లెక్కకు వచ్చును. లోకపు సగటు దానికి రెట్టింపునకు మించును. అమెరికావారి తలసరి మన తలసరికి ఆరు రెట్లకు మించును. పెద్దమ్మవంటి పేదరాలి పాలు రెండు టన్నులలోను ఏ మూలకో యుండును.

ఈ న్యాయమును లోకము బొత్తిగా మఱువలేదు. 1992లో బ్రెజిలు దేశపు రియో నగరమున దేశములన్నియు కూడి యొడంబడిక చేసికొన్నప్పుడు, బాధ్యత యందఱిదే గాని పాళ్లు వేఱువేఱు అను సూత్రము నంగీకరించిరి. 1997లో క్యోటోలో ధనికదేశములకు మాత్రము తగ్గింపు లెక్కలు విధించిరి. 2015 డిసెంబరులో పారిసు నగరమున ప్రతిదేశము తన మాట తా నిచ్చి నిలుపుకొనవలెననియు, వేడి పెరుగుదలను రెండు డిగ్రీలకు చాల లోపల, సాధ్యమైన ఒకటిన్నరలో నుంచవలెననియు నిశ్చయించిరి. 2021లో గ్లాస్గో సభలో భారతదేశము 2070 నాటికి తన నికరపు పొగను సున్న చేసెదనని మాట యిచ్చెను. 2022లో, విద్యుత్కేంద్రముల శక్తిలో సగము 2030 నాటికి బొగ్గు చమురులతో పనిలేనిదిగా చేసెదమని వ్రాసియిచ్చెను. ఈ రెండవమాట ఐదేండ్లు ముందుగా 2025లోనే చెల్లెను. ఇది సంతోషింపదగినదే. కాని శక్తి వేఱు, ఉత్పత్తి వేఱు. సూర్యుడు రాత్రి రాడు గనుక, మన యిండ్లలో వెలుగు విద్యుత్తులో నెక్కువభాగ మింకను బొగ్గునుండియే వచ్చుచున్నది.

ఆ బొగ్గు మాకు దూరమున లేదు. మా యూరికి తూర్పున రామగుండము కలదు. సింగరేణి గనుల బొగ్గుతో అక్కడి ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము 1983 నుండి నడుచుచున్నది. దాని శక్తి 2,600 మెగావాట్లు. దానికి తోడు 800 మెగావాట్ల యంత్రములు మఱి రెండు 2023లోను 2024లోను క్రొత్తగా ప్రారంభమైనవి. మన పంకా తిరుగుటయు, సిరిసిల్ల మగ్గము లాడుటయు, బావులలో మోటార్లు పాఱుటయు ఆ రాక్షసిబొగ్గు చలువయే. ఆ గనులనే నమ్ముకొని వేలాది కుటుంబములు బ్రదుకుచున్నవి. కావున “బొగ్గు మానుడు” అని యొక్కమాటతో తేల్చివేయుట మూర్ఖత. ఆ కుటుంబములకు రేపటి యన్నము చూపించి మానవలెను. అదియే విధానమనిపించుకొనును.

గోదావరి కావలి యాడువారు

ఇచ్చట మీకొక సత్యమైన కథ చెప్పవలెను. మాకును మొన్నటిదాక తెలియదు. గోదావరి కుత్తరమున నాటి ఆదిలాబాదు జిల్లాలో పవర్‌గూడ యను చిన్న యాదివాసిగూడెము కలదు. అక్కడి స్త్రీలు సంఘముగా గూడి, 2002 ప్రాంతమున వేలకొలది కానుగమొక్కలు నాటిరి. పటాన్‌చెఱువులోని ఇక్రిశాట్ సంస్థవారు సలహా యిచ్చిరి. గిరిజనాభివృద్ధిసంస్థ తోడ్పాటుతో గింజల నుండి నూనె తీయు యంత్రము గూడెమునకు వచ్చెను. కానుగనూనె డీజిలునకు బదులుగా యంత్రములలో వాడదగినది. డీజిలు కాల్చినచో నేలలోని పాతపొగ పైకి వచ్చును. కానుగనూనె కాల్చినచో చెట్టు గాలినుండి తీసికొన్నదే తిరిగి గాలికి పోవును.

పదియేండ్లలో ఆ నూనెవలన 147 టన్నుల బొగ్గుపులుసువాయువు తగ్గునని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు ఆ తగ్గింపును 645 డాలర్లకు ఆ స్త్రీలవద్ద కొనెను. వాషింగ్టనులో తాము జరిపిన యొక సభవలన గలిగిన పొగకు పరిహారముగా వారది కొనిరి. చూచితిరా! వాషింగ్టనులో పండితులు విమానములలో వచ్చి సభ జరుపుకొనగా, ఆ పాపమునకు ప్రాయశ్చిత్తము గోదావరి కావల మన యాడువారి చేతిమీదుగా జరిగెను. వారు దానమడుగలేదు, సరకు నమ్మిరి.

ఈ కథ చదివి మేమెంతో పొంగితిమి. పిమ్మట మావారు పలకపై నొక లెక్క వేసిరి. బొగ్గుతో ఒక యూనిట్టు విద్యుత్తు తీయగా సుమారు కిలో వాయువు వెలువడును. రామగుండపు 2,600 మెగావాట్ల కేంద్రము పూర్తిశక్తితో గంటసేపు నడచినచో 26 లక్షల యూనిట్లు. అనగా గంటకు 2,600 టన్నుల వాయువు. 147 టన్నులు వెలువడుటకు నాలుగు నిమిషములైన పట్టదు! ఒక గూడెపు స్త్రీల పదియేండ్ల ఫలము నాలుగు నిమిషములలో తేలిపోవును.

ఆ లెక్క చూచి మా మనస్సు క్రుంగెను. అప్పుడు మావారు, “ఇందులో చిన్నబుచ్చుకొన నేమున్నది? ఆ నాలుగు నిమిషములకు లోకము వారి కిచ్చిన వెల టన్నునకు నాలుగు డాలర్ల చిల్లర. తప్పు వారి చెట్టులో లేదు, వెలలో నున్నది” అనిరి. ఆ మాటలో మర్మమున్నది. వ్యక్తులు చేయు పని చిన్నదని మానరాదు. ఆ చిన్నపని చేసినవారికి తగిన వెల దక్కునట్లును, పెద్దపొగ పెట్టువారు దానికి వెల చెల్లించునట్లును చేయవలసినది ప్రభుత్వము. ఈ రెండవది లేనిదే మొదటిది నిలువదు.

ప్రభుత్వములు చేయుచున్నదేమి?

చేయుచున్నవి కొన్ని కలవు. 2015లో ఆరంభించిన ఉజాల పథకమున 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. దీపములు పంచిరి. రామగుండపు జలాశయము మీదనే 100 మెగావాట్ల సౌరఫలకములు తేలుచున్నవి. అది 2022లో పూర్తియైనది. ఫలకముల నీడవలన నీటి యావిరియు తగ్గును. బొగ్గు పొగగొట్టముల చెంతనే సూర్యునితో విద్యుత్తు పుట్టుట శుభసూచనము. 2024లో కేంద్రప్రభుత్వ మారంభించిన సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్ల యింటికప్పు ఫలకములకు 78,000 రూపాయల వఱకు సాయమిత్తురు. 2025లో మన రాష్ట్రము ప్రకటించిన హరితవిద్యుత్తు విధానముతోపాటు, స్వయంసహాయక సంఘముల స్త్రీలచే వేయి మెగావాట్ల సౌరవిద్యుత్తు నుత్పత్తి చేయింపవలెనని సంకల్పించిరి. 2023 డిసెంబరునుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులో నుచితప్రయాణము. ఇది పొగ తగ్గింపుకై పెట్టినది కాకున్నను, పది ఆటోలలో పోవువారు ఒక్క బస్సులో పోవుదురేని పొగ తగ్గకయుండునా?

కర్బనపు విపణి యనునది కూడ వచ్చుచున్నది. 2022లో చట్టము సవరించి, 2023లో కేంద్రము ఈ పథకమును ప్రకటించెను. పెద్దపరిశ్రమలకు పొగ కొక హద్దు పెట్టుదురు. హద్దులోపల నుండినవారు మిగిలినది అమ్ముకొనవచ్చును. హద్దు మీఱినవారు కొనవలెను. పొగకు వెల కట్టుట యిదే. పవర్‌గూడ స్త్రీలు ఇరువదియేండ్లకు ముందే నడచిన బాట యిది.

ఒక మడి కథ

ఇంతయు చదివిన పిమ్మట మాకు తెలిసిన సంగతి యొకటి మమ్ము నిద్రపోనీయలేదు. పెద్దమ్మ పొలము కూడ పొగ పెట్టుచున్నదని! వరిమడిలో ఎల్లప్పుడు నీరు నిలిచియున్నచో మట్టికి గాలి యాడక, సూక్ష్మజీవులు మీథేను అను వాయువును పుట్టించును. నూఱేండ్ల లెక్కలో నిది బొగ్గుపులుసువాయువుకన్న సుమారు 28 రెట్లు వేడిగొలుపును. దీనికి విరుగుడుగా అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు తడియాఱ నీరు పెట్టు పద్ధతిని చెప్పిరి. నాటువేసి రెండు వారములైన పిమ్మట మడిలో రంధ్రములు గల గొట్టమును పాతవలెను. నీరు మట్టిపైనుండి దిగి, గొట్టములో 15 సెంటీమీటర్ల లోతునకు పోవువఱకు మరల పెట్టరాదు. పూతకాలమున మాత్రము నీరు నిలుపవలెను. ఇట్లు చేసిన నీరు నూటికి ముప్పది వఱకు మిగులుననియు, మీథేను మూడవవంతునుండి సగము వఱకు తగ్గుననియు చెప్పుదురు.

మే మీమాట పెద్దమ్మతో చెప్పుటకు పది దినములు జంకితిమి. పుస్తకము చదివి చెప్పుట సులభము. పంట పోయిన నాకలి వారిది. కడపట వానకాలపు నాట్లప్పుడు ధైర్యము చేసి, “పది గుంటల మడి యొక్కటి చాలును. ఆ మడిలో పంట తగ్గినను, ఖర్చు పెరిగినను మేమిచ్చుకొందుము” అని మాట యిచ్చితిమి. మావారి జీతము తప్ప వేఱాదాయము లేని మాకది చిన్నమాట కాదు. మా యింటి నీళ్లగొట్టపు ముక్కకు కాల్చిన మేకుతో రంధ్రములు పొడిచి మడిలో పాతితిమి.

శ్రావణమున మడి నెఱ్ఱెలు విచ్చెను. దారిని పోవువారు, “పంతులమ్మ పొలం ఎండవెట్టింది” అని నవ్విరి. దినము విడిచి దినము పోయి గొట్టములోనికి తొంగిచూచుచు, రాత్రులు లెక్కలు వేసికొనుచు గడపితిమి. కోడలు రెండుమార్లు నీరు విడువబోగా పెద్దమ్మయే వారించెనని తరువాత తెలిసినది. కార్తికమున కోత కోసిరి. ప్రక్కనున్న పది గుంటల మడితో పోల్చి చూడగా ఒక్క బస్తా తేడా లేదు. మూడు తడులు పెట్టుచోట రెండే సరిపోయినవి. కాని నీరు లేనందున కలుపు హెచ్చి, ఇద్దఱు కూలీలను ఎక్కువ పెట్టవలసివచ్చెను.

పెద్దమ్మ కల్లములో కూర్చుండి, “పంటకు నదరు లేదు బిడ్డా. నీళ్లు మిగిలినయి, కరెంటు మిగిలింది. గా మిగిలింది ఎవలికి వోయింది? కూలి పైసలు మాత్రం నా కొంగులకెల్లి వోయినయి” అనెను.

మేము మాట యిచ్చిన ప్రకారము ఆ కూలిడబ్బులు చెల్లించితిమి. ఆమె మొగమోటపడక పుచ్చుకొనెను. పుచ్చుకొనుటయే న్యాయము. ఆమె రెండవప్రశ్న మొదటిదానికన్న లోతైనది. మన రాష్ట్రమున 2018 జనవరినుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటలు ఉచితవిద్యుత్తు ఇచ్చిరి. మోటారెంతసేపు నడచినను రైతునకు ఖర్చు లేదు. ఆపినను లాభము లేదు. ఆమె మిగిల్చిన విద్యుత్తు ప్రభుత్వమునకు మిగిలెను. ఆమె తగ్గించిన వాయువు లోకమునకు మేలయ్యెను. ఆమెకు దక్కినది కలుపుకూలి. లోకోపకారమునకు పేదరాలు వెల చెల్లించు పద్ధతి యెన్నాళ్లు సాగును?

మన కర్తవ్యము

భాగవతమున పృథుచక్రవర్తి కథ మీరందఱు వినియుందురు. భూదేవి ధాన్యమును తనలో దాచుకొనగా నాతడు విల్లెక్కుపెట్టి వెంటాడెను. ఆమె గోరూపమున పరుగెత్తి పరుగెత్తి నిలిచి, తగిన దూడను గట్టి పిదికినచో పాలిత్తునని మాట యిచ్చెను. దూడను గట్టి పిదుకుట యనగా దూడపాలు దూడకు విడిచి పిదుకుట. మనమిన్నాళ్లును దూడ నవతల కట్టివేసి పిదికితిమి. దూడ మన బిడ్డలే.

సోదరీమణులు తమ చేతిలోనున్నవి మొదట చేయుదురుగాక. పప్పు నానబెట్టి మూతపెట్టి వండుట, వరికొయ్యలను కాల్చక దుక్కిలో కలుపుట, ఎల్.ఇ.డి. దీపములు వాడుట, వీలున్నచోట బస్సు నాశ్రయించుట, పెరటిలో నీడనిచ్చు నొక వేపనో కానుగనో పెంచుట మన వశములోనివి. ఇవి చిన్నవి, నాలుగు నిమిషముల లెక్క మఱువవలదు. కావున రెండవది కూడ చేయవలెను. గ్రామసంఘములలోను, గ్రామసభలలోను అడుగవలెను. మా సంఘమునకు సౌరవిద్యుత్తు యూనిట్టెప్పుడు వచ్చును? కొనుగోలు కేంద్రమున వడ్లకు పైకప్పెప్పుడు వేయుదురు? నీరు మిగిల్చిన రైతునకు ఆ మిగులులో పాలేది? కర్బనపు కాగితముల బేరగాండ్రు ఊరికి వచ్చినచో టన్నునకు వెల యెంత, గడువెన్నేండ్లు, కొలుచువా రెవరు, డబ్బెవరి ఖాతాలో పడునని యడిగి, వ్రాతలో తీసికొని, పిమ్మటనే వ్రేలిముద్ర వేయవలెను. పవర్‌గూడ యాడువారు చూపినది చెట్టు నాటుట మాత్రమే కాదు, వెల యడుగుట కూడ.

“ఎవరో కాల్చిన మా వడ్లెందుకు పోవలె” నన్న పెద్దమ్మకు మా జవాబిది: పోవలసిన న్యాయము లేదు. న్యాయము లేదు గనుకనే ఊరకుండరాదు. ఈ యాసంగిలో ఆమె తానుగా రెండవ మడికి కూడ గొట్టము కావలెనని మా యింటికి వచ్చినది. “కలుపు కూలి సంగతి సభల నువ్వు అడుగు, నేను నీ ఎన్కనుంట” అని షరతు పెట్టినది. మే మంగీకరించితిమి. వచ్చు గ్రామసభకు మేమిద్దఱము పోవుచున్నాము. మీ మీ గ్రామములందును ఇట్లు పోవువారు గలుగుదురని మా నమ్మకము.